'బాగుందండీ' అంటే చాలదు!

"మనుషులు దొరకటం లేదు" అంటారు ఫ్యాక్టరీల వాళ్ళు. "ఉద్యోగాలు దొరకటం లేదు" అంటారు మన అమ్మాయిలు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మరి ఈ రెండు నిజాల మధ్య ఎక్కడో దారి తెగిపోయి ఉండాలి కదా! ఆ తెగిన చోటు వెతుక్కుంటూ వెళ్తే, ఒక్కోసారి అది మన చేతిలో ఉన్న సెల్‌ఫోన్ తెర మీదే కనిపిస్తుంది.

ఉద్యోగం కబురు చెప్పేది కాగితమైనా, వెబ్‌సైటైనా రాసేవాళ్ళు ఒకరు, చదివేవాళ్ళు ఇంకొకరు. రాసేవాళ్ళు హైదరాబాదులోనో బెంగళూరులోనో చల్లటి గదిలో కంప్యూటరు ముందు కూర్చుంటారు. చదివే అమ్మాయి పెదవేగిలోనో కైకలూరులోనో అన్నయ్య ఫోను అరగంటసేపు అడిగి తీసుకుని చదువుతుంది. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఏమవుతుంది? ఆ ముచ్చట ఈమధ్య పెదవేగిలో దగ్గరుండి చూశాను. అక్కడ విన్న మాటలు ఆ ఒక్క వెబ్‌సైటుకే కాదు, ఉద్యోగం వెతుక్కునే ప్రతి ఆడపిల్లకీ, ఉద్యోగం ఇస్తామనే ప్రతి యజమానికీ పనికొస్తాయనిపించింది.

ఒకప్పుడు ఎలా తెలిసేది?

పెదవేగి అంటే చరిత్ర పుస్తకాల్లో మనం చదువుకున్న వేంగి. తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. ఇవాళ ఆ పేరు చెబితే గుర్తొచ్చేవి ఆయిల్ పామ్ తోటలు. ఆయిల్ పామ్ మీద జాతీయ పరిశోధన కేంద్రం 1995లో ఇక్కడే మొదలైంది. ఇప్పుడు దాన్నే భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ అంటున్నారు. గెలల్లోంచి నూనె తీసే ఫ్యాక్టరీ కూడా ఈ ఊళ్ళోనే ఉంది. తాడేపల్లిగూడెం వైపు వెళ్తే నూనె మిల్లులు, రైసు మిల్లులు. కొల్లేరు వైపు వెళ్తే చేపల చెరువులు, రొయ్యల చెరువులు, రొయ్యలు ఒలిచి శుభ్రం చేసి ఎగుమతికి సిద్ధం చేసే ప్లాంట్లు. కాబట్టి ఫ్యాక్టరీ అన్న మాట ఇక్కడివాళ్ళకి కొత్తేం కాదు.

కొత్తల్లా అందులో చేరే పద్ధతి. ఇదివరకు పని సంగతి తెలిసినవాళ్ళ ద్వారానే తెలిసేది. మేనమామ చెప్పేవాడు, పక్కింటి పిన్ని చెప్పేది, లేకపోతే మేస్త్రీ వచ్చి వ్యానెక్కించుకుని వెళ్ళేవాడు. చదువుకున్నవాళ్ళు ఏలూరు వెళ్ళి ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని, మూడేళ్ళకోసారి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ ఎదురుచూసేవారు. 2015 జులైలో కేంద్ర ప్రభుత్వం నేషనల్ కెరీర్ సర్వీస్ అనే వెబ్‌సైటు ప్రారంభించాక ఇంట్లో కూర్చునే పేరు నమోదు చేసుకునే వీలు కలిగింది. దానికి పైసా కట్టక్కర్లేదు. ప్రైవేటు వెబ్‌సైట్లకైతే లెక్కే లేదు.

ఫ్యాక్టరీలూ మారాయి. శ్రీసిటీలో 2015లో సెల్‌ఫోన్ల తయారీ మొదలైనప్పుడు లైన్ల మీద కూర్చుని వాటిని బిగించినవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ బట్టల కర్మాగారాలకి చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది ఆడవాళ్ళు వెళ్ళి వస్తున్నారు. పక్కనున్న తమిళనాడునే చూడండి. 2019-20 పరిశ్రమల వార్షిక సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ఫ్యాక్టరీల్లో పనిచేసే మహిళల్లో సుమారు 43 శాతం ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నారు. అంటే, ఆడవాళ్ళు ఫ్యాక్టరీ పని చెయ్యలేరన్న మాట ఎప్పుడో తేలిపోయింది. ఇక తేలాల్సింది, ఆ పని ఉందన్న కబురు మన ఇళ్ళకి అర్థమయ్యే మాటల్లో చేరుతోందా అన్నదే.

అడగటంలోనే ఉంది కిటుకు

మా ఆడపడుచు కూతురు హైదరాబాదులో వెబ్‌సైట్లు డిజైను చేసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తోంది. ఫ్యాక్టరీ ఉద్యోగాల వివరాలు చెప్పే వెబ్‌సైటు ఒకటి వాళ్ళ చేతికి వచ్చింది. నమూనా తయారయ్యాక నాకు ఫోన్ చేసి, "అత్తయ్యా, మా ఆఫీసులో అందరూ చాలా బాగుందన్నారు. కానీ మా ఆఫీసులో ఒక్కళ్ళు కూడా ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు లేరు కదా! మీవైపు అమ్మాయిలకి చూపిస్తాను, కాస్త పోగుచేసి పెట్టవా?" అంది. ఆ మాట నాకు నచ్చింది. పెదవేగిలో పొదుపు సంఘం సమావేశం అయిపోయాక అక్కడే కూర్చున్నాం.

వచ్చినవాళ్ళు డజను మంది ఉంటారు. ఇంటరు పాసై ఇంట్లో ఉన్న అమ్మాయిలు, డిగ్రీ మధ్యలో ఆపేసిన అమ్మాయి, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసిన అమ్మాయి, రొయ్యల ప్లాంటులో పనిచేస్తున్న ఒకావిడ, మిషను కుట్టుకునే ఇద్దరు పిల్లల తల్లి. వీళ్ళతో పాటు పిల్లల్ని ఒంటరిగా పంపటం ఇష్టంలేక వెంట వచ్చిన ముగ్గురు నలుగురు అమ్మలు.

మా అమ్మాయి తన ఫోనులో ఆ పేజీ చూపించి "ఎలా ఉందండీ?" అని అడిగింది.

"బాగుందండీ" అన్నారు.

"రంగులు?" "బాగున్నాయండీ." "అక్షరాలు కనిపిస్తున్నాయా?" "బానే ఉన్నాయండీ." "ఏమైనా మార్చాలా?" "అబ్బే, ఎందుకండీ, అంతా బాగుంటేనూ!"

మన గోదావరి జిల్లాల మర్యాద మీకు తెలియనిదా! ఇంటికొచ్చిన మనిషిని నొప్పించటం మనకి చేతకాదు. పెళ్ళివారింట్లో పులుసులో ఉప్పు తక్కువైనా "అమోఘంగా ఉంది వదినా" అనే లేస్తాం. పాపం ఆ పిల్ల హైదరాబాదు నుంచి పనిగట్టుకుని వచ్చింది, బాగాలేదని ఎలా అంటారు? అయితే ఆ మొహమాటం పట్టుకుని వెనక్కి వెళ్తే, అర్థంకాని పేజీ అర్థంకానట్టే ఉండిపోతుంది.

మా అమ్మాయికి ఈ సంగతి తెలుసు. అందుకని అభిప్రాయం అడగటం ఆపేసి ఒక్కొక్కరికీ ఒక పని అప్పజెప్పింది. "ఈ ఫోను తీసుకో. ఇందులో నీకు సరిపోయే ఉద్యోగం ఒకటి వెతుకు. జీతమెంతో, ఎక్కడికి వెళ్ళాలో నాకు చెప్పు. వెతుకుతున్నంతసేపూ నీ మనసులో ఏమనుకుంటున్నావో పైకి అంటూ ఉండు. పరీక్ష నీకు కాదు, ఈ పేజీకి" అంది. ఆ తరవాత తను నోరు విప్పలేదు. వేలు ఎక్కడ ఆగుతోందో, కనుబొమలు ఎక్కడ ముడిపడుతున్నాయో చూసి రాసుకుంటూ కూర్చుంది.

ఇది తన సొంత పద్ధతేం కాదట. వెబ్‌సైట్లు జనానికి ఎంత వాడుకగా ఉన్నాయో పరీక్షించటంలో పేరున్న జాకబ్ నీల్సన్ అనే డెన్మార్క్ నిపుణుడు 2000 సంవత్సరంలోనే చెప్పాడట, ఐదుగురు మనుషుల్ని కూర్చోబెట్టి చూస్తే ఒక పేజీలో ఉన్న ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని. వందమందిని ఒకేసారి అడగటం కన్నా ఐదుగురిని చూసి, సరిచేసి, మళ్ళీ ఇంకో ఐదుగురికి చూపించటం మేలని ఆయన లెక్క. కాకపోతే ఆ ఐదుగురూ ఆ పేజీ అవసరమున్న వాళ్ళే అయి ఉండాలి. చదువుకునే పిల్లలు, పిల్లల తల్లులు... ఇలా ఒక్కో రకం వాళ్ళని విడివిడిగా చూడాలి.

వేలు ఆగిన చోట్లు

మొదటి మాట దగ్గరే వేలు ఆగింది. పేజీ పైన పెద్ద అక్షరాలతో 'తయారీ రంగంలో వృత్తి మార్గాలు' అని ఉంది. "తయారీ అంటే పచ్చళ్ళ తయారీయా అండీ?" అని అడిగిందో అమ్మాయి. అందరూ నవ్వారు గానీ ఆ పిల్ల తప్పేం అడిగిందని? మన ఊళ్ళో సబ్బుల తయారీ, అప్పడాల తయారీ అనే కదా శిక్షణ ఇస్తారు! "ఫ్యాక్టరీ ఉద్యోగాలు అని రాస్తే సరిపోయేది కదండీ" అంది పక్కనున్నావిడ.

'అసెంబ్లీ ఆపరేటర్' దగ్గర ఇంకో అమ్మాయి ఆగింది. కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం అనుకుని సంతోషంగా నొక్కింది. లోపల స్క్రూలు బిగించే మెషిన్ల బొమ్మలు చూసి, తప్పు చోటికి వచ్చాననుకుని వెనక్కి వచ్చేసింది. 'రొటేషనల్ షిఫ్ట్' అంటే వారానికోసారి డ్యూటీ వేళలు మారతాయని ఎక్కడా రాయలేదు. రొయ్యల ప్లాంటావిడకి తప్ప అది ఎవరికీ తెలియలేదు.

జీతం దగ్గర అందరూ ఆగారు. ఏడాదికి ఇంత 'సీటీసీ' అని ఉంది. నెలకెంతో ఎవరికి వాళ్ళు పన్నెండుతో భాగించుకుని చూసుకున్నారు. అయితే సీటీసీ అంటే యజమాని మన మీద పెట్టే ఖర్చంతా కలిపిన లెక్క. మన చేతికొచ్చేది వేరు. నెల జీతం 14,000 అని చెప్పారనుకుందాం. అదంతా పీఎఫ్ లెక్కలోకి వచ్చే జీతమే అయితే 12 శాతం చొప్పున 1,680 రూపాయలు పీఎఫ్‌కి పోతుంది. ఈఎస్ఐకి 0.75 శాతం, అంటే 105 రూపాయలు పోతుంది. చేతికొచ్చేది 12,215. హాస్టలుకో భోజనానికో పట్టుకుంటే ఇంకా తగ్గుతుంది. పీఎఫ్ ఎక్కడికీ పోదు, యజమాని వాటాతో కలిసి మన పేరు మీదే ఉంటుంది. ఈఎస్ఐ ఉంటే జబ్బుచేసినప్పుడు వైద్యం ఉంటుంది. ఇవన్నీ మంచివే. కానీ ముందే తెలియకపోతే మొదటి నెల జీతం చూసుకుని "మోసం చేశారు" అని కన్నీళ్ళు పెట్టుకుంటారు.

ఫొటోల సంగతి సరేసరి. పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని చేతులు కట్టుకు నిలబడ్డ మగాయన ఒక ఫొటోలో, ఏ దేశమో తెలియని తెల్లటి అమ్మాయి నవ్వుతూ ఇంకో ఫొటోలో. "ఇది మనకి కాదేమో అనుకున్నానండీ" అంది ఐటీఐ చదివిన అమ్మాయి. చదువులో మిగతావాళ్ళందరి కన్నా ఆ పనికి దగ్గరగా ఉన్న పిల్ల అన్న మాట ఇది! 2011లో ఉత్తర అమెరికాలో గాషే, ఫ్రీసెన్, కే అనే పరిశోధకులు ఉద్యోగ ప్రకటనల మీద చేసిన పరిశీలన ఒకటుంది. మగతనం ధ్వనించే మాటలతో రాసిన ప్రకటన చూసినప్పుడు ఆడవాళ్ళకి ఆ ఉద్యోగం మీద ఆసక్తి తగ్గింది. పని చేతకాదనుకుని కాదు, అక్కడ మనం ఇమడమేమో అనిపించి. మాటలకే అంత బలం ఉంటే బొమ్మలకి ఎంత ఉంటుంది!

ఇక ఫారం. మొదటి గడిలోనే ఫోను నంబరు అడిగారు. అక్కడ సగంమంది ఫోను కింద పెట్టేశారు. "నంబరిస్తే ఎవరెవరో ఫోన్లు చేస్తారండీ, ఇంట్లో గొడవలు." కొందరికి సొంత నంబరు లేదు. ఉన్నది నాన్నదో, భర్తదో. ఓటీపీ వచ్చేది ఆ ఫోనుకే. పొలంలో ఉన్న నాన్నకి ఫోన్ చేసి ఆ అంకెలు చెప్పించుకునేలోపు ఈ పేజీ కాస్తా మళ్ళీ మొదటికొస్తుంది. ఉద్యోగం గురించి నాలుగు ముక్కలు చెప్పకముందే మన ఊరూ పేరూ అడిగేవాణ్ణి గుమ్మంలోనే నిలబెడతాం కదా! ఆ పేజీకి జరిగింది సరిగ్గా అదే.

పేజీలో లేని ప్రశ్నలు

అర్థంకాని మాటలు సరిచేసుకోవచ్చు. అసలు ముచ్చట ఆ తరవాత మొదలైంది. మొహమాటం కాస్త విడిపోయాక, పేజీలో ఎక్కడా లేని ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

"రాత్రి డ్యూటీ దిగాక ఇంటికి ఎవరు దింపుతారండీ?" 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకి డబ్బు కట్టక్కర్లేదు. మంచి సంగతే. కానీ షిఫ్టు వదిలే వేళకి మన ఊరికి బస్సంటూ ఉండాలి కదా!

"బాత్రూములు పని చోటికి దగ్గరగా ఉంటాయా? అడక్కుండా వెళ్ళనిస్తారా?" ఈ ప్రశ్న రొయ్యల ప్లాంటావిడది. "నెలసరి రోజుల్లో అదే పెద్ద బెంగండీ. జీతం తరవాత సంగతి" అంది. పిల్లలంతా తలలు దించుకున్నారు గానీ కాదని ఒక్కరూ అనలేదు.

"రోజంతా నిలబడాలా, కూర్చుని చెయ్యొచ్చా?" "శ్రీసిటీ అంటే ఎక్కడండీ? ఏలూరులో రైలెక్కితే ఎక్కడ దిగాలి?" విజయవాడ, నెల్లూరు దాటి సూళ్ళూరుపేట, తడ వైపు అని చెబితే ఆ అమ్మాయి వాళ్ళమ్మ మొహం వాడిపోయింది. ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే: "అక్కడ హాస్టల్లో పెద్దదిక్కు ఎవరు? ఆవిడతో నేను ఫోన్లో మాట్లాడొచ్చా?"

డిజైను చేసేవాళ్ళు ఉద్యోగం వెతుక్కునే అమ్మాయి ఒక్కతే ఆ పేజీ చదువుతుందనుకుంటారు. మన ఇళ్ళల్లో అలా జరగదు. అమ్మాయి చదివి అమ్మకి చెబుతుంది, అమ్మ నాన్నకి చెబుతుంది, నాన్న పెదనాన్నని అడుగుతాడు. అమ్మాయికి నచ్చి అమ్మకి ధైర్యం చాలకపోతే ఆ ఉద్యోగం అక్కడితో సరి. అందుకే ఆ పేజీ అమ్మకి కూడా జవాబు చెప్పాలి. చదవటం రాని అమ్మ అయితే చెవికి వినిపించాలి.

మిషను కుట్టుకునే ఆవిడకి ముప్పై రెండేళ్ళు. అందరికన్నా ఓపిగ్గా చదివింది ఆవిడే. బట్టల కర్మాగారంలో టైలర్లు కావాలన్న ప్రకటన పట్టుకుంది. జీతం చూసింది, పని వేళలు చూసింది. "ఈ పని నాకొచ్చండీ" అని మొదటిసారి నవ్వింది. వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. అన్నిటికన్నా కింద, చీమల్లాంటి అక్షరాల్లో ఉంది: వయసు 18 నుంచి 25. ఏమీ మాట్లాడకుండా ఫోను పక్కావిడకి ఇచ్చేసి, కాసేపాగి, "పెళ్ళైనవాళ్ళని అసలు తీసుకుంటారాండీ?" అని అడిగింది.

ఈ అనుమానం ఆవిడ ఒక్కదానిదే కాదు. తమిళనాడులోని ఒక ఐఫోన్ల కర్మాగారంలో పెళ్ళైన ఆడవాళ్ళని తీసుకోవటం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ రాసినప్పుడు, కేంద్ర కార్మిక శాఖ వెంటనే ఆ రాష్ట్రాన్ని నివేదిక అడిగింది. పత్రికకెక్కింది కాబట్టి అది అందరికీ తెలిసింది. ప్రకటన అడుగున చీమల అక్షరాల్లో ఆగిపోయే ఆడవాళ్ళ సంగతి ఏ పత్రికకీ ఎక్కదు.

చట్టం ఏమంటోంది?

అక్కడ అడిగిన ప్రశ్నల్లో చాలావాటికి చట్టంలో జవాబుంది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నియామక పత్రం ఇవ్వటం యజమాని బాధ్యత. సాయంత్రం 7 తరవాత, ఉదయం 6 లోపు ఆడవాళ్ళతో పని చేయించాలంటే వాళ్ళ సమ్మతి ఉండాలి, వాళ్ళ భద్రతకి ఏర్పాట్లు ఉండాలి. యాభైమందికి మించి పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకి శిశు సంరక్షణ గది ఉండాలి. నిలబడి పనిచేసేవాళ్ళకి వీలు దొరికినప్పుడు కూర్చునే వసతి ఉండాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. వేతనాల కోడ్ ప్రకారం జీతంలోనే కాదు, ఉద్యోగంలోకి తీసుకోవటంలోనూ ఆడ, మగ తేడా చూపకూడదు.

ఇవన్నీ చట్టంలో ఉన్నప్పుడు ఉద్యోగం ప్రకటించే పేజీలో నాలుగు ముక్కలు రాయటానికి ఏం కష్టం? మా అమ్మాయిని అదే అడిగాను. "కంపెనీలు ఇచ్చిన వివరాలే మేం పెడతాం అత్తయ్యా. బస్సుందో లేదో వాళ్ళు చెప్పకపోతే మేమెక్కణ్ణించి తెస్తాం?" అంది.

మార్చగలిగినవి, మార్చలేనివి

నెల తిరిగాక మళ్ళీ వచ్చింది. ఈసారి పేజీ పైన 'ఫ్యాక్టరీ ఉద్యోగాలు' అని ఉంది. వయసు, చదువు, నెలకి చేతికొచ్చే జీతం మొదటి మూడు వరసల్లో ఉన్నాయి. షిఫ్టు వేళలు గడియారం బొమ్మతో ఉన్నాయి. ఫోను నంబరు అడిగే గడి చివరికి పోయింది. 'అమ్మానాన్నలు మాట్లాడాలంటే' అని ఒక నంబరు చేరింది. వివరాలు తెలుగులో చదివి వినిపించే బటన్ ఒకటి పెట్టారు. అమ్మాయిలు చకచకా చూసేశారు. "ఇప్పుడు నిజంగా బాగుందండీ" అన్నారు. ఆ 'నిజంగా' అన్న మాట కోసమే కదా ఇంత తిరగటం!

వాటన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది మరొకటుంది. ప్రతి ఉద్యోగం కిందా 'రవాణా', 'మరుగుదొడ్లు', 'హాస్టలు', 'పిల్లల గది' అని నాలుగు గడులు పెట్టారు. కంపెనీ ఆ వివరం ఇస్తే కనిపిస్తుంది. ఇవ్వకపోతే ఆ గడిలో 'కంపెనీ చెప్పలేదు' అని ఉంటుంది.

రెండే మాటలు. కానీ దాచిపెట్టిన ఖాళీని అందరికీ చూపించే మాటలు. అలా రాస్తే కంపెనీలు ఊరుకోవేమో, ఆ మాట ఉంచాలా తీసెయ్యాలా అని వాళ్ళ ఆఫీసులో ఇంకా తర్జనభర్జనలు పడుతున్నారట. ఆ ముప్పై రెండేళ్ళావిడ విషయంలో పేజీ చెయ్యగలిగింది ఒక్కటే. వయసు సంగతి పైనే చెప్పి, ఆశపెట్టి ఉసూరుమనిపించకుండా చూడటం. పనొచ్చిన చెయ్యిని వయసు లెక్కన వద్దనటం ఎందుకని కంపెనీని అడగటం రంగులూ అక్షరాలూ మార్చేవాళ్ళ చేతుల్లో లేదు.

నాకు తోచిందేమిటంటే, ఆడవాళ్ళ అభిప్రాయం అడుగుతున్నామని చెప్పుకునేవాళ్ళు ఆ జవాబుల్ని రెండు కట్టలుగా విడగొట్టాలి. అక్షరాల గురించి చెప్పింది డిజైనుకి ఇవ్వాలి. బస్సు, బాత్రూము, వయసు గురించి చెప్పింది ఫ్యాక్టరీ మేనేజరు బల్ల మీద పెట్టాలి. రెండో కట్ట పక్కన పడేసి మొదటి కట్టతోనే పేజీకి మెరుగులు దిద్దితే, అది గోడలు ఉబ్బిన ఇంటికి సున్నం వెయ్యటమే అవుతుంది.

ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' దశాబ్దాల పాటు ఎందుకు నడిచింది? పాఠకురాళ్ళు ఉత్తరాలు రాసి తమ ప్రశ్నలు తామే అడిగేవారు. వాళ్ళకేం కావాలో ఎవరూ ఊహించక్కర్లేకపోయింది. ఇవాళ ఉత్తరం పోయి ఫోను వచ్చింది. ప్రశ్నలు మాత్రం మన దగ్గరే ఉన్నాయి.

దరఖాస్తు పెట్టేముందు ఇవి అడగండి

* నెలకి చేతికొచ్చేది ఎంత? పీఎఫ్, ఈఎస్ఐ, భోజనం, హాస్టలు పేరుతో ఎంతెంత పట్టుకుంటారు?
* జీతం ఇచ్చేది ఫ్యాక్టరీయా, కాంట్రాక్టరా? నియామక పత్రం మీద ఎవరి పేరు ఉంటుంది?
* పర్మనెంటా, ట్రైనీయా, అప్రెంటిసా? అప్రెంటిస్‌కి వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. గడువు ఎన్నాళ్ళో కనుక్కోండి.
* షిఫ్టులు ఏ వేళల్లో? రాత్రి డ్యూటీ వద్దనొచ్చా? ఓవర్‌టైముకి రెట్టింపు ఇస్తారా?
* ఇంటి దగ్గర నుంచి వాహనం ఉందా? ఏ స్టాపు దాకా?
* మరుగుదొడ్లు, కూర్చునే వసతి, పిల్లల గది, అంతర్గత కమిటీ ఉన్నాయా?
* ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఆ మాట అక్కడితో తెంచెయ్యండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలెయ్యకండి.

చివరిగా ఒక్క మాట. రేపు మీ ఊరికీ ఎవరో ఒకరు వస్తారు. వెబ్‌సైటు అనో, పథకం అనో, ఫారం అనో ఏదో ఒకటి చూపించి "ఎలా ఉందండీ?" అని అడుగుతారు. మంచినీళ్ళివ్వండి, కాఫీ ఇవ్వండి, మర్యాదలో లోటు చెయ్యకండి. కానీ "బాగుందండీ" అని మాత్రం ఊరుకోకండి. అర్థంకాని మాట మీద వేలు పెట్టి "ఇదేమిటి?" అని అడగండి. అందులో లేని మీ అవసరం ఏదో అది చెప్పండి. మీరు అలా అడిగితే, మీ తరవాత ఆ పేజీ తెరిచే పిల్లకి సగం భయం తీరుతుంది.